పెట్టె మీద నిలబడి టీ తాగినవాడు

ఫోటోలో త్రిమూర్తులు పేరు చక్కగా కనిపిస్తోంది. వచ్చిన చిక్కల్లా అదే.

సముద్రానికి అవతలి రేవులో కంటైనర్ తలుపు తెరవగానే ఎవరో తీసిన ఫోటో అది. లోపల జీడిపప్పు అట్టపెట్టెలు. కింది మూడు వరసలు నలిగి కూలబడ్డాయి. పై వరసలు వాటి మీదికి ఒరిగి చిట్లాయి. నేల నిండా పప్పు, అందులో సగం ముక్కలు. ఒరిగిన పెట్టెల్లో ఒకదాని మీద నల్ల మార్కరుతో జానెడేసి అక్షరాల్లో 'త్రిమూర్తులు, మండపేట' అని రాసి ఉంది. దేశం కాని దేశంలో తన పేరు నలుగురూ చూడాలని వాడే సరదాపడి రాసుకున్నాడు. నలుగురూ చూశారు.

గోడౌన్ మేనేజరు సుభాషిణి గారు ఫోన్ వాడి ముందు పెట్టి అడిగారు.

"ఈ పేరు నీదేనా?"

"ఆయ్," అన్నాడు త్రిమూర్తులు.

ఆ గోడౌన్ విశాఖపట్నంలో, గాజువాక దాటాక ఉంటుంది. ఫ్యాక్టరీల నుంచి లారీల్లో వచ్చిన పెట్టెల్ని అక్కడ ప్యాలెట్ల మీద, అంటే మంచమంత చెక్క పీటల మీద, మనిషెత్తున పేరుస్తారు. చుట్టూ ప్లాస్టిక్ పొర బిగిస్తారు. ఫోర్క్‌లిఫ్ట్ బండి ఆ పీటని దొంతరతో సహా ఎత్తి కంటైనర్‌లో పెడుతుంది. ఆ తర్వాత అది నెల రోజులు సముద్రం మీద ఊగుతూ పోతుంది. చూసేవాళ్ళకి ఇదేముంది, పెట్టె మీద పెట్టె పెట్టడమే కదా అనిపిస్తుంది. త్రిమూర్తులుకీ అలాగే అనిపించింది.

వాడు పదకొండేళ్ళు తాపీ పని చేసినవాడు. సిమెంటు పడక చేతులు పుండ్లు పడ్డాయి. డాక్టరు చూసి, "సిమెంటా, చేతులా, రెండిట్లో ఒకటే ఉంచుకో" అన్నాడు. చేతులు ఉంచుకుని, పెళ్ళాం పుట్టింటివాళ్ళ ఊరని విశాఖపట్నం వచ్చి ఈ గోడౌన్‌లో చేరాడు. ఇది పోతే వాడికి మరో పని తెలీదు.

ఇక్కడ పేర్పు పనికి పెద్ద దాలయ్య మేస్త్రి. అరవై దాటిన మనిషి. ఎండు కొమ్మలా ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పేర్చిన సరుకు ఒక్కటీ వెనక్కి రాలేదంటారు. ఆయన ఎవరికీ ఏదీ నేర్పినట్టు కనపడడు. పక్కన నిలబడి పెట్టెలు అందిస్తూ నేర్చుకోవాల్సిందే.

త్రిమూర్తులు ఏడు నెలలు అందించాడు. అందిస్తున్నంతసేపూ వాడి చేతులు దురద పెట్టేవి. ఎందుకంటే దాలయ్య పేర్పులో వాడికి పనితనమే కనపడలేదు. పెట్టె మీద పెట్టె, దాని మీద పెట్టె, బడిపిల్లలు వరసగా నిలబడ్డట్టు. అతుకు మీద అతుకు! తాపీ పనిలో చేరిన మొదటి రోజున మేస్త్రి నెత్తి మీద మొట్టి చెప్పే పాఠం, అతుకు మీద అతుకు రాకూడదని. రెండు ఇటుకల సందు మీదికి మూడో ఇటుక నడుం రావాలి. లేకపోతే గోడ నిలవదు.

'పాపం పెద్దాయన, కట్టుబడి తెలీదు' అని త్రిమూర్తులు మనసులో జాలి కూడా పడేవాడు.

ఇంతలో దాలయ్య రెండు కళ్ళకీ ఆపరేషన్ చేయించుకోవడానికి నెలన్నర సెలవు పెట్టాడు. ఇంకేం, త్రిమూర్తులుకి ఏనుగెక్కినంత పని అయింది. జీడిపప్పు లోడంతా ఇటుక గోడ కట్టినట్టు కట్టాడు. ఎక్కడా అతుకు మీద అతుకు లేదు. చేత్తో తోస్తే కదల్లేదు. పక్క గోడౌన్ వాళ్ళు కూడా వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. ఆ సంబరంలోనే మార్కరు తీసి పేరు రాశాడు.

ఆ లోడే ఈ లోడు.

సుభాషిణి గారికి కేకలు వేసే అలవాటు లేదు. నెమ్మదిగానే అన్నారు.

"ఈ శనివారం అదే పార్టీది ఇంకో లోడు వెళ్ళాలి. ఇదీ చెడితే వాళ్ళు మన గుమ్మం తొక్కరు. ఆ సరుకు మీద నీ చెయ్యి పడటానికి వీల్లేదు. ఆ తర్వాత నీ సంగతి చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో త్రిమూర్తులుకి తెలుసు. తల వంచుకుని నిలబడ్డాడు.

గుమ్మం దగ్గర స్టూలు మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దాలయ్య కూర్చుని ఉన్నాడు. అదే ఆయన సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు.

"ఆ లోడు ఆడే కడతాడమ్మా," అన్నాడు.

"దాలయ్య గారూ! ఫోటో చూశారు కదా."

"సూసినాను. పడగొట్టినోడే నిలబెట్టాల. నేకపోతే ఆడికి పడగొట్టడమొక్కటే వచ్చినట్టు."

"మళ్ళీ చెడితే?"

"ఇద్దరం ఒక్క గేటులోంచే ఎల్తాం."

సుభాషిణి గారు సరేనన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయారు. త్రిమూర్తులు తల ఎత్తి దాలయ్య వంక చూశాడు. తన ఒక్కడి బతుకైతే వేరు. ఇప్పుడు పెద్దాయన ముప్పై ఏళ్ళ పేరు కూడా తెచ్చి వాడి చేతుల్లో పెట్టాడు.

మధ్యాహ్నం టీ వేళకి ఉండబట్టలేక వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు.

"గురువుగారండి, నా కట్టుబడిలో తప్పెక్కడుందండి? అతుకు మీద అతుకు రానివ్వలేదండి. పదకొండేళ్ళు గోడలు కట్టానండి, ఒక్కటీ కూలలేదండి. ఆ అట్టే మంచిది కాదేమోనండి. లేకపోతే ఓడలో ఎవరో ఎత్తెత్తి పడేసుంటారండి."

దాలయ్య టీ తాగుతున్నాడు. టీ గ్లాసు ఖాళీ కాకుండా ఆయన నోటి నుంచి జవాబు రావడం ఆ గోడౌన్‌లో ఎవరూ చూడలేదు. తాగడం అయ్యాక లేచి, మూల పడి ఉన్న జీడిపప్పు ఖాళీ పెట్టె ఒకటి తెచ్చాడు. కింద, పైన టేపు వేసి మూసి, వాడి ముందు పెట్టాడు.

"ఎక్కు."

త్రిమూర్తులు ఎక్కాడు. మూత మధ్యలో అడుగు వేశాడో లేదో, మోకాలి దాకా పెట్టెలో దిగబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

దాలయ్య నవ్వలేదు. ఇంకో పెట్టె తెచ్చి టేపు వేశాడు.

"ఎక్కు."

ఈసారి వాడు జాగ్రత్తపడ్డాడు. మధ్యలో కాకుండా, అటో కాలు ఇటో కాలు, రెండు వైపుల అంచుల మీద నడిమధ్యన వేసి ఎక్కాడు. ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెట్టె పక్కలు రెండూ మెల్లగా ఉబ్బి, మడత పడి, కిందికి కూర్చున్నాయి. త్రిమూర్తులు కిందికి చూశాడు. ఫోటోలో పెట్టెలు అచ్చం ఇలాగే ఉబ్బి ఉన్నాయి.

దాలయ్య మూడో పెట్టె తెచ్చాడు. ఈసారి ఎక్కమనలేదు. గ్లాసులో మళ్ళీ టీ పోయించుకున్నాడు. చెప్పులు విడిచాడు. ఒక మడమ పెట్టె ఈ మూల మీద, రెండో మడమ ఎదురు మూల మీద ఆనించి, పక్కవాడి భుజం పట్టుకుని పైకెక్కాడు. పెట్టె కిక్కురుమనలేదు. అలాగే నిలబడి, తొందర లేకుండా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా టీ తాగి దిగాడు.

త్రిమూర్తులు ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"మీరు బక్కపల్చటి మనిషండి. నేను డెబ్బై కేజీలండి."

దాలయ్య ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సన్యాసిని కేకేశాడు. సన్యాసి మనిషికంటే ముందు పొట్ట వస్తుంది.

"నాను కాలెట్టిన కాడే కాలెట్టు. ఎక్కు."

సన్యాసి దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. పెట్టె ఆగింది. ఎక్కినవాడు ఆనందం పట్టలేక రెండు చేతులూ పైకెత్తాడు. అయినా ఆగింది.

"గోడ కాదురా ఇది," అని దాలయ్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కూడా త్రిమూర్తులు పెట్టెల మధ్య తిరిగాడు. ఒక్కో పెట్టెని బొటనవేలితో నొక్కి చూశాడు. నడిమధ్య నొక్కితే లోపలికి పోతోంది. అంచు మధ్యలో నొక్కితే కొంచెం వంగుతోంది. మూల దగ్గర నొక్కితే వేలే నొప్పి పుడుతోంది. తను కట్టిన గోడ గుర్తు తెచ్చుకున్నాడు. అతుకు తప్పించడం కోసం ప్రతి పెట్టె మూలనీ తీసుకెళ్ళి కింది పెట్టె కడుపు మీద మోపాడు. తొమ్మిది వరసల బరువు, నెల రోజుల సముద్రపు చెమ్మ, అంతా ఆ కడుపుల మీదే. ఇటుక మోస్తుంది. అట్ట ఎక్కడ మోస్తుంది?

పెద్దాయనకి కట్టుబడి తెలీదని జాలిపడిన సంగతి గుర్తొచ్చి, వాడికి నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే కొత్త లోడు మొదలుపెట్టాడు. మూల మీద మూల, మూల మీద మూల. తాపీ పని నాటి సంచిలోంచి తూకం గుండు కూడా తీశాడు. దారానికి కట్టిన ఇనుప గుండు అది. గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకునేది. పై మూల నుంచి దాన్ని వేలాడదీసి, ప్రతి నిలువూ సరిచూసుకుంటూ తొమ్మిది వరసలు పేర్చాడు. ప్లాస్టిక్ పొర చుట్టి బిగించాడు.

ఆ గోడౌన్‌లో ఒక ఆచారం ఉంది. లోడులో మొదటి ప్యాలెట్ పూర్తవగానే ఫోర్క్‌లిఫ్ట్ మీద దాన్ని ఆవరణంతా ఒక చుట్టు తిప్పుతారు. గేటు దగ్గరికి రాగానే బండి గభాలున ఆపుతారు. దాన్ని గేటు బ్రేకు అంటారు. అది తట్టుకుంటేనే మిగతా లోడు కట్టాలి.

సన్యాసి బ్రేకు వేశాడు. కింద పెట్టెలు ఒక్కటీ నలగలేదు. కానీ నిలువులన్నీ దేనికది విడిపోయి, మీది వరస ముందుకు తూలింది. రెండు పెట్టెలు జారి కిందపడ్డాయి.

దాలయ్య కట్టినవి ఇలా విడిపోవు. ఆయన ప్లాస్టిక్ పొరని లాగే పట్టు అలాంటిది. ముప్పై ఏళ్ళ చేతులు. త్రిమూర్తులు అంత బలంగా లాగితే సిమెంటు తిన్న వేళ్ళు పగిలి నెత్తురొస్తుంది. ఆ పొద్దున వచ్చింది కూడా.

"మూల మీద మూల పెడితే విడిపోతోందండి. అతుకు తప్పిస్తే నలిగిపోతోందండి," అన్నాడు. "పదకొండేళ్ళు నేర్చుకున్నదంతా దండగండి. ఇది నా వల్ల కాదండి."

అని తూకం గుండు తీసి చెత్త డబ్బాలోకి విసిరాడు. ఆ రోజు గురువారం. లోడు వెళ్ళాల్సింది శనివారం.

దాలయ్య వెళ్ళి చెత్తలో చెయ్యిపెట్టి గుండు తీశాడు. తన తువ్వాలుతో తుడిచాడు. దారానికి పడిన చిక్కులు ఒక్కొక్కటే విప్పాడు. నిచ్చెన తెప్పించుకుని, కొత్తగా బాగైన కళ్ళతో మెట్టు మెట్టూ చూసుకుంటూ ఎక్కి, దొంతర మీద, అన్నిటికన్నా పైన ఉన్న పెట్టె మీద దాన్ని పెట్టి దిగాడు.

"నీ సామాను పారేసుకోకు," అన్నాడు. అంతే, వేరే పని మీద వెళ్ళిపోయాడు.

త్రిమూర్తులు చాలాసేపు కిందే కూర్చున్నాడు. ఎంత కోపం వచ్చినా పదకొండేళ్ళ గుండు అది. పోగొట్టుకోబుద్ధి కాలేదు. తీసుకుందామని నిచ్చెన ఎక్కాడు.

పైన గుండు చేతిలోకి తీసుకున్నాడు. వెంటనే దిగలేదు. పై వరస పెట్టెల వంక చూశాడు. తల ఎత్తి పైకి చూశాడు. పైన గోడౌన్ రేకులు, మధ్యలో ఖాళీ. మళ్ళీ పెట్టెల వంక చూశాడు.

"అమ్మ గురువుగారూ!" అని గట్టిగా అరిచాడు. లోపల ఆఫీసులో ఉన్న సుభాషిణి గారు కూడా బయటికి తొంగి చూశారు.

దొంతర మొత్తం విప్పాడు. మళ్ళీ మొదటి నుంచి కట్టాడు. ఎనిమిది వరసలు మూల మీద మూల. తొమ్మిదో వరస దగ్గరికొచ్చేసరికి పెట్టెల్ని అడ్డంగా తిప్పాడు. కింద ఏ రెండు నిలువుల మధ్య సందు ఉందో, సరిగ్గా ఆ సందు మీదికి పై పెట్టె నడుం తెచ్చాడు. తాపీ మేస్త్రి మొదటి రోజు మొట్టి చెప్పిన పాఠమే. ఒక్క వరస, పై వరస. నాలుగు మూలలకీ దళసరి అట్టతో చేసిన నిలువు పట్టీలు ఆనించాడు. ప్లాస్టిక్ పొరని పెట్టెల నుంచి కాకుండా కింద చెక్క పీట కాళ్ళ నుంచి మొదలుపెట్టాడు. పునాదిని పట్టుకోని గోడ గోడే కాదని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వేళ్ళకి గుడ్డ చుట్టుకుని, చెయ్యి ఓర్చుకున్నంత మేరకే లాగి, ఆ లోటు తీరేలా నాలుగు చుట్లు ఎక్కువ చుట్టాడు.

పై మూల నుంచి గుండు వేలాడదీశాడు. గుండు మొన ఎక్కడ నిలిచిందో పీట చెక్క మీద సుద్దముక్కతో చుక్క పెట్టాడు.

"కానివ్వు సన్యాసీ."

సన్యాసి ఆవరణంతా చుట్టి వచ్చి గేటు దగ్గర బ్రేకు వేశాడు. దొంతర ఒక్కసారి ఊగి ఆగింది. త్రిమూర్తులు పరుగున వెళ్ళి గుండు వేలాడదీశాడు. మొన చుక్క మీదే నిలిచింది.

"ఇంకోసారి. ఈసారి ఇంకొంచెం జోరుగా," అన్నాడు.

రెండోసారి కూడా చుక్క మీదే నిలిచింది. మూడోసారి సన్యాసికే పట్టుదల వచ్చింది. బండి చక్రాలు కీచుమన్నాయి, గేటు కాపలా మనిషి పక్కకి దూకాడు. గుండు వేలాడింది, ఊగింది, నిదానించింది. మొన చుక్క మీదే నిలిచింది.

ఒక్కసారిగా ఈలలు. ఎవరో పెట్టె మీద దరువు వేశారు. త్రిమూర్తులు దారం చేత్తో పట్టుకుని అలాగే నేల మీద చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ ఆగలేదు.

దాలయ్య వచ్చి దొంతర చుట్టూ తిరిగాడు. నల్లద్దాలు తీసి పైకి చూశాడు.

"ఆ పై వరస అలగెందుకెట్టినావు?"

"పైన మోసేదేం లేదండి. పట్టుకోవడమే పనండి."

ఆ మధ్యాహ్నం దాలయ్య, ఆ పక్కనే వేరే సరుకు పేరుస్తూ, చివరి వరస దగ్గర కాసేపు ఆగాడు. అందించేవాడి చేతిలోంచి పెట్టె తీసుకుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, దాన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు. అది చూసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. త్రిమూర్తులు మాత్రం చూడనట్టే పని చేసుకున్నాడు. చూస్తే ఏడుస్తానని భయం.

శనివారం లోడు వెళ్ళింది. సన్యాసి మార్కరు తెచ్చి చేతికిచ్చాడు. త్రిమూర్తులు దాన్ని తిరిగి వాడి జేబులోనే పెట్టాడు.

ఆ తర్వాత రోజులు గడవడం కష్టమైంది. ముప్పై రోజులకి చేరాల్సిన ఓడ చేరలేదు. దారిలో తుఫాను పట్టిందని తెలిసింది. త్రిమూర్తులుకి అన్నం సయించలేదు. నిద్రలో కూడా బొటనవేలితో పరుపు మూలలు నొక్కుతున్నాడని వాళ్ళావిడ అందరికీ చెప్పుకుంది. దాలయ్య మాత్రం రోజూ వేళకి వచ్చి, వేళకి టీ తాగి, వేళకి ఇంటికెళ్ళాడు.

ముప్పై తొమ్మిదో రోజున సుభాషిణి గారు చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చారు.

"త్రిమూర్తులూ! దాలయ్య గారూ! ఇటు రండి, ఇటు రండి!"

ఫోన్లో ఫోటో. అదే రేవు, అలాగే తెరిచిన కంటైనర్. లోపల వరసకి వరస, గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. ప్లాస్టిక్ పొర మీద ఉప్పునీటి మరకలున్నాయి. పెట్టె ఒక్కటీ నలగలేదు. పక్కన పసుపు టోపీ పెట్టుకున్న తెల్ల మనిషి ఒకడు బొటనవేలు పైకెత్తి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

"తుఫానులో ఆ ఓడ మీద చాలామంది సరుకు కూలిపోయిందట. మనది కూలలేదు," అన్నారు సుభాషిణి గారు. ఆవిడ గొంతు ఎప్పుడూ వినపడనంత గట్టిగా వినపడింది. "ఇకనుంచి వాళ్ళ లోడ్లన్నీ ఇవి కట్టిన మనిషే కట్టాలట. ఎవరా మనిషి అని అడుగుతున్నారు. ఈసారి పేరు రాయలేదేం నువ్వు?"

"ఎందుకండి?" అన్నాడు త్రిమూర్తులు. "నిలబడింది కదండీ."

సుభాషిణి గారు వాడి వంక చూశారు. తర్వాత దాలయ్య వంక చూశారు.

"సోమవారం నుంచి నువ్వు కూడా ఇక్కడ మేస్త్రివే," అన్నారు.

అంతే, గోడౌన్ దద్దరిల్లిపోయింది. సన్యాసి హారన్ మీద చెయ్యి తీయలేదు. నలుగురు కలిసి త్రిమూర్తుల్ని ఎత్తి భుజాల మీద ఊరేగించారు. మండపేట పేరు చెప్పి ఒకడు జై కొట్టాడు. వాడు పట్టలేని సంతోషంతో రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాడు. ఆ సంతోషం వాడు కష్టపడి సంపాదించుకున్నదే. ఎవరూ కాదనలేరు.

వాణ్ణి కిందికి దింపేసరికి ఎదురుగా దాలయ్య ఉన్నాడు. ముందు ఒక ఖాళీ పెట్టె. కిందా పైనా టేపు వేసి మూసి ఉంది.

"ఎక్కు."

అందరూ చుట్టూ మూగారు.

త్రిమూర్తులు చెప్పులు విడిచాడు. ఒక మడమ ఈ మూల, ఇంకో మడమ ఎదురు మూల. డెబ్బై కేజీలూ ఎక్కి నిలబడ్డాయి. పెట్టె కిక్కురుమనలేదు.

దాలయ్య తన గ్లాసు నిండా టీ పోయించి, పైకెత్తి వాడి చేతికి అందించాడు. ఆ గ్లాసుతో అప్పటిదాకా ఆయన తప్ప వేరెవరూ తాగలేదు. త్రిమూర్తులు అంత ఎత్తున నిలబడి, అందరూ చూస్తుండగా, ఒక్కో గుక్కే తాగాడు. అంత తీపి టీ వాడు పుట్టి బుద్ధెరిగాక తాగలేదు.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా దాలయ్య ఓపిగ్గా ఆగాడు.

"ఇంక దిగు," అన్నాడు. "లారీ వచ్చింది."